అమ్మానాన్నలకు సెకండ్ హ్యాండ్ కారు గిఫ్ట్ ఇస్తున్నారా..? సర్‌ప్రైజ్ చేసే ముందు వాళ్లను ఒక్కసారి సీట్లో కూర్చోబెట్టండి!

సంక్రాంతికి ఊరెళ్లి నాన్న చేతిలో కారు తాళాలు పెట్టాలి.. హైదరాబాద్‌లోనో, విశాఖలోనో ఉద్యోగం చేస్తున్న చాలామంది సిక్కోలు పిల్లల కోరిక ఇది. కొత్త కారు బడ్జెట్‌కు అందకపోతే చూపు సెకండ్ హ్యాండ్ మీదకు వెళ్తుంది. అందులో తప్పేమీ లేదు. అయితే ఇక్కడే ఓ చిక్కు ఉంది. కొనేది కొడుకో, కూతురో. వాడేది అరవై ఐదు, డెబ్బై ఏళ్ల పెద్దవాళ్లు. సెలెక్ట్ చేసేవాళ్ల కళ్లకు నచ్చిన కారు, ఎక్కేవాళ్ల మోకాళ్లకు నచ్చకపోవచ్చు.

ఆమదాలవలసనే తీసుకుందాం. రైలు దిగితే బోర్డు మీద పేరు శ్రీకాకుళం రోడ్, దిగిన ఊరు మాత్రం ఆమదాలవలస. ఇక్కడ ఉండే ఓ పెద్దాయన కారు వారంలో ఎక్కడెక్కడికి వెళ్తుంది? మార్కెట్‌కి, స్టేషన్‌కి, సుమారు 12 కిలోమీటర్ల దూరంలోని శ్రీకాకుళానికి. జనం ఇప్పటికీ రిమ్స్ అని పిలిచే ప్రభుత్వాసుపత్రికి, అరసవల్లి సూర్యనారాయణ స్వామి గుడికి. ఎప్పుడైనా శ్రీముఖలింగం. ఏడాదికి నాలుగైదు సార్లు పెద్ద డాక్టర్ల కోసం విశాఖ.. అది వంద కిలోమీటర్లు దాటిన దూరం. అంటే తొంభై శాతం చిన్న ట్రిప్పులే. ఏ కారు కొనాలో చెప్పాల్సింది ఈ లెక్కే.

ఎక్కాలా.. దిగాలా?

సెడాన్ చూడ్డానికి దర్జాగా ఉంటుంది. కానీ సీటు కిందకి ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు అందులో కూర్చోవడం అంటే పడిపోతున్నట్టే, లేవడం అంటే ఎవరో ఒకరు చెయ్యి పట్టి లాగాల్సిందే. "ఏటి నాన్నా.. ఇందులోకి ఎక్కాలా, దిగాలా?" అని అమ్మ అడిగిందంటే ఆ కారు ఆమెది కాదని అర్థం. మరోవైపు బొలెరో, స్కార్పియో లాంటివి మరీ ఎత్తు. చీర కట్టుకున్న అమ్మ ఫుట్‌బోర్డు మీద కాలేసి పైకి లేవాలంటే కష్టమే.

మధ్యరకం కావాలి. కారు పక్కన నిలబడితే సీటు మోకాలికి పైన, నడుముకి కాస్త కింద ఉండాలి. వెనక్కి తిరిగి కూర్చుని, రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పుకునేలా ఉండాలి. మోకాలి ఆపరేషన్ అయినవాళ్లకు ఈ పద్ధతి మరీ ముఖ్యం. తలుపు వెడల్పుగా తెరుచుకోవాలి, పైన పట్టుకోవడానికి గట్టి హ్యాండిల్ ఉండాలి, కింద గడప ఎత్తు తక్కువ ఉండాలి.

ఈ లెక్కన సెకండ్ హ్యాండ్ మార్కెట్లో ముందు చూడాల్సింది వ్యాగన్ ఆర్. ముఖ్యంగా 2019 జనవరిలో వచ్చిన కొత్త బాడీ మోడల్. స్టైల్ లేదని కుర్రాళ్లు పెదవి విరుస్తారు కానీ.. పెద్దవాళ్లకు ఇంత సులువుగా ఎక్కిదిగే చిన్న కారు ఇంకోటి దొరకడం కష్టం. 2018 నుంచి 2022 వరకు వచ్చిన శాంత్రో, ఇగ్నిస్, హోండా జాజ్ కూడా ఈ కోవలోవే. కొంచెం బడ్జెట్ ఉంటే టాటా పంచ్ చూడొచ్చు. 2021లో వచ్చిన ఈ కారు తలుపులు దాదాపు 90 డిగ్రీలు తెరుచుకుంటాయి. మనవలు, మనవరాళ్లతో ఇల్లు నిండుగా ఉంటే ఎర్టిగా. అయితే ఇద్దరే ఉండే ఇంటికి ఏడు సీట్ల కారెందుకు? ఇరుకు వీధిలో దాన్ని తిప్పుకోలేక నాన్న అవస్థ పడతారు.

డిక్కీ కూడా తెరిచి చూడండి. వాకర్, మడతపెట్టే వీల్ చెయిర్ పెట్టాల్సిన రోజు రావచ్చు. సీఎన్జీ సిలిండర్ ఉన్న చాలా కార్లలో ఆ చోటు ఉండదు.

ఇంకో మాట. పెద్ద అల్లాయ్ వీల్స్ ఉన్న టాప్ మోడల్ కన్నా 14 అంగుళాల చక్రాలతో వచ్చే మధ్య వేరియంటే గతుకుల రోడ్డు మీద మెత్తగా పోతుంది. టైరు పక్కభాగం మందంగా ఉంటే కుదుపును అదే మింగేస్తుంది. నడుము నొప్పి ఉన్నవాళ్లకు ఈ తేడా మొదటి గుంతలోనే తెలుస్తుంది.

అందుకే సర్‌ప్రైజ్ వద్దంటున్నాం. రేటు ఖాయం చేయకముందే అమ్మానాన్నలను తీసుకెళ్లి నాలుగుసార్లు ఎక్కించి దించండి. అరగంట కూర్చోబెట్టి తిప్పండి. వాళ్లు హైదరాబాద్ రాలేకపోతే, అదే మోడల్ ఊళ్లో ఎవరి దగ్గరైనా ఉంటే అందులో కూర్చోబెట్టి చూడండి. నాలుగు లక్షలు పెట్టే ముందు ఈ మాత్రం శ్రమ పడొచ్చు.

ఆటోమేటిక్ మంచిదేనా?

క్లచ్ లేకపోతే ఎడమ మోకాలికి విశ్రాంతి. నిజమే. అయితే నలభై ఏళ్లు గేర్లు మార్చిన చేతికి, క్లచ్ తొక్కిన కాలికి ఆ అలవాటు ఒక్కరోజులో పోదు. కంగారులో ఎడమ కాలు క్లచ్ అనుకుని బ్రేక్‌ను గట్టిగా తొక్కేస్తుంది. బ్రేక్ అనుకుని యాక్సిలరేటర్ తొక్కితే ఇంకా ప్రమాదం. నాన్న ఆటోమేటిక్‌కి మారుతుంటే వారం పది రోజులు ఖాళీ గ్రౌండ్‌లో, పక్కన ఎవరో ఒకరు కూర్చుని ప్రాక్టీస్ చేయించాల్సిందే.

ఆటోమేటిక్‌లోనూ రకాలున్నాయి. ఏఎంటీ అంటే మామూలు గేర్‌బాక్సే.. క్లచ్, గేర్ల పని మిషన్ చేస్తుంది. ధర తక్కువ, గేర్ మారేటప్పుడు చిన్న కుదుపు ఉంటుంది. సీవీటీ చాలా మెత్తగా పోతుంది కానీ పాడైతే ఖర్చు భారీగా ఉంటుంది, ఊళ్లో షెడ్డులో అయ్యే పని కాదు. పాత కారు కాబట్టి రిపేరు ఎక్కడ జరుగుతుందన్నది ముందే ఆలోచించుకోవాలి. శ్రీకాకుళంలో సర్వీస్ సెంటర్ ఉన్న కంపెనీ కారే తీసుకోవడం తెలివైన పని. ప్రతి చిన్నదానికీ కారును విశాఖ పంపించడం పెద్దవాళ్ల వల్ల కాదు.

అసలు నాన్న డ్రైవ్ చేయరు, యాక్టింగ్ డ్రైవర్‌ను పిలుస్తారు అనుకుంటే లెక్కే మారిపోతుంది. అప్పుడు మాన్యువల్ చాలు. చూడాల్సింది వెనక సీటు.. కాళ్లు చాపుకునే చోటు, నడుముకి ఆనిక, వెనక్కి వచ్చే ఏసీ గాలి.

డీజిల్‌తో జాగ్రత్త

మైలేజీ చూసి డీజిల్ కారు కొనేవాళ్లు ఉన్నారు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్ 6 డీజిల్ కార్లలో డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. ఇది పొగలోని మసిని పట్టుకుని, కారు కాసేపు వేగంగా వెళ్లి సైలెన్సర్ బాగా వేడెక్కినప్పుడు కాల్చేస్తుంది. మార్కెట్‌కీ స్టేషన్‌కీ తిరిగే కారులో ఆ వేడి రాదు. ఫిల్టర్ పూడుకుపోయి వార్నింగ్ లైటు వెలుగుతుంది. కాబట్టి ఈ వాడకానికి పెట్రోలే మేలు. 2023 ఏప్రిల్ తర్వాత తయారైనదైతే 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కు తగ్గ రబ్బరు భాగాలు ఉంటాయి.. అంత కొత్తది బడ్జెట్‌లో దొరికితే అదృష్టమే.

సేఫ్టీ విషయంలో తయారీ తేదీ గుర్తుపెట్టుకోండి. ఏబీఎస్ 2019 ఏప్రిల్ నుంచి, వెనక పార్కింగ్ సెన్సార్లు 2019 జులై నుంచి అన్ని కార్లలో తప్పనిసరి అయ్యాయి. ముందు సీట్లో పక్కన కూర్చునేవారికి కూడా ఎయిర్‌బ్యాగ్ అన్ని కార్లకూ తప్పనిసరి అయింది 2022 నుంచే. నాన్న నడుపుతుంటే ఆ పక్క సీటులో కూర్చునేది అమ్మే కదా! అంతకన్నా పాతది కొంటే రెండు ఎయిర్‌బ్యాగ్‌లున్న వేరియంటేనా అని అడిగి తీరాలి.

నంబర్ ప్లేట్ చెప్పేది.. చెప్పనిది

ఏపీ 30 అంటే శ్రీకాకుళం, 31 విశాఖ, 35 విజయనగరం. ఈ జిల్లా నంబర్లు 2019 మొదట్లో ఆగిపోయి రాష్ట్రమంతటికీ ఏపీ 39, ఆ తర్వాత ఏపీ 40 వచ్చాయి. అందుకని ఏపీ 39 చూసి కొత్త కారు అనుకోవద్దు. 2014 నాటి హైదరాబాద్ కారును ఇక్కడికి తెచ్చి మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించినా అదే నంబర్ వస్తుంది. ఆర్సీలో తయారీ నెల, సంవత్సరం చూడాలి.

ఇక నీళ్లలో మునిగిన కార్లు. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫానుకు చెన్నైలో, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరదకు విజయవాడలో ఎన్నో కార్లు మునిగిపోయాయి. మునిగిన బండి ఉన్న ఊళ్లో అమ్ముడుపోదు, దూరం ఊరికి వస్తుంది. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, మట్టి మరక దాగి ఉంటే అక్కడే బయటపడుతుంది. కార్పెట్ ఎత్తండి, స్టెప్నీ గుంతలో తుప్పు చూడండి, అద్దాలు మూసి ముక్క వాసన పట్టండి. విశాఖ బీచ్ దగ్గర తిరిగిన కారైతే అడుగున తుప్పు కోసం లిఫ్ట్ ఎక్కించి చూడటం అవసరం. రెండు వేలు ఖర్చయినా నమ్మకమైన మెకానిక్‌తో చూపించుకోండి.

కారు చూడ్డానికి పొద్దున్నే వెళ్లండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తేనే అసలు శబ్దం వినబడుతుంది. మీటరు 30 వేల కిలోమీటర్లు చూపిస్తూ పెడల్ రబ్బర్లు నున్నగా అరిగిపోయి ఉంటే ఆ మీటరును నమ్మొద్దు. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో హిస్టరీ అడగండి. టైరు మీద నాలుగు అంకెలుంటాయి.. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. గీతలు బాగానే ఉన్నా ఆరేళ్లు దాటిన టైరుతో పెద్దవాళ్లను హైవే ఎక్కించొద్దు.

ధర మాట్లాడేటప్పుడు ఓ సంగతి. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కొత్త కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. కొత్తది చౌకయితే పాతదీ దిగిరావాలి. డీలర్ పాత రేట్లే చెబుతుంటే ఇప్పటి ఆన్‌రోడ్ ధర పక్కన పెట్టి బేరం ఆడండి. పైగా పాత కార్ల లోన్లకు వడ్డీ ఎక్కువ. ఆ తేడా కలిపితే కొన్నిసార్లు కొత్త బేసిక్ మోడలే నయం అనిపిస్తుంది.

కాగితాలు.. అసలు ఇబ్బంది ఇక్కడే

డబ్బులిచ్చేసి, సంతకాలు పెట్టిన ఫారాలు జేబులో పెట్టుకుని నెలల తరబడి తిరిగేవాళ్లు చాలామంది. కారు కొన్న 30 రోజుల్లోగా పేరు మార్పుకు దరఖాస్తు చేయాలని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. ఫారం 29, 30 కావాలి. పాత ఓనర్‌కు లోన్ ఉండి ఉంటే బ్యాంకు ఎన్‌వోసీ, ఫారం 35 కూడా తీసుకోవాలి. ఆర్సీ మీద ఎవరి పేరుంటే ప్రమాద పరిహారం బాధ్యత వాళ్లదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. అంటే పాత ఓనర్ కూడా తొందరపడాల్సిన విషయమే ఇది. ఎంపరివాహన్ యాప్‌లో నంబర్ కొట్టి వివరాలు, చలాన్లు ముందే చూసుకోండి. డీలర్ దగ్గర కొంటే రవాణా శాఖ ఇచ్చిన ఆథరైజేషన్ సర్టిఫికెట్ చూపించమనండి. 2023 ఏప్రిల్ నుంచి పాత కార్ల డీలర్లకు ఈ రూల్ ఉంది.

తెలంగాణ, ఒడిశా, ఢిల్లీ కార్లు చౌకగా కనిపిస్తాయి. ఏడాది దాటి మన దగ్గర ఉంచితే ఎన్‌వోసీ తెచ్చి ఇక్కడి నంబర్ వేయించాలి, ఏపీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ మొత్తం కలిపి చూస్తే చౌక కాస్తా ఆవిరైపోవచ్చు.

ఇన్సూరెన్స్‌లో థర్డ్ పార్టీ కవర్ కారుతో పాటే వస్తుంది. కారుకు జరిగే సొంత డ్యామేజీకి మాత్రం పాలసీ పేరు మారాలి, దానికి 14 రోజుల్లోగా అప్లై చేయాలి. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు. ఓనర్ డ్రైవర్‌కు ఉండే 15 లక్షల ప్రమాద బీమా.. ఆ ఓనర్‌కు లైసెన్స్ ఉంటేనే. కారు నాన్న పేరు మీద ఉండి డ్రైవర్ నడుపుతుంటే, డ్రైవర్‌కు, ప్యాసింజర్లకు విడిగా కవర్ తీసుకోండి. ఆర్సీలో నామినీ పేరు రాయించే వీలు 2021 నుంచి ఉంది, అది కూడా అప్పుడే రాయించేయండి.

నాన్న లైసెన్స్ ఒకసారి తీసి చూడండి. చాలామంది పెద్దవాళ్లకు ఉన్నది బైక్ లైసెన్స్ మాత్రమే! కారు లైసెన్స్ ఉన్నా 55 ఏళ్లు దాటాక రెన్యువల్ అయిదేళ్లకే ఇస్తారు, డాక్టర్ సంతకంతో ఫారం 1ఏ కావాలి. గడువు తీరి ఏడాది దాటిపోతే మళ్లీ టెస్టుకు హాజరు కావాలి. షుగర్ వల్ల అరికాళ్లలో స్పర్శ తగ్గినా, కంటి శుక్లాల వల్ల రాత్రిపూట ఎదుటి లైట్లు మసకగా కనిపించినా ముందు డాక్టర్‌కు చూపించాలి. ఈ మాట నాన్నతో చెప్పడం కష్టమే.. అమ్మతో చెప్పిస్తే పని అవుతుంది.

కారు ఇంటికొచ్చాక రోజుల తరబడి కదలకుండా పడి ఉంటే బ్యాటరీ డౌన్ అవుతుంది, ఎలుకలు బానెట్‌లో దూరి వైర్లు కొరికేస్తాయి. వారానికి రెండుసార్లయినా అరగంట తిప్పమని చెప్పండి. పాత ఓనర్ ఫాస్టాగ్ రద్దు చేయించి ఆర్సీ ఎవరి పేరున ఉంటే వారి పేరుతో కొత్తది తీసుకోండి, విశాఖ వెళ్లే దారిలో నాతవలస టోల్‌గేట్ దగ్గర ఇబ్బంది ఉండదు. యాన్యువల్ పాస్ 200 ట్రిప్పుల కోసం.. ఏడాదికి నాలుగుసార్లు ఆసుపత్రికి వెళ్లే కారుకు అది అక్కర్లేదు.