యజమాని పక్షమున వకీలు

హైదరాబాదు నగరమునకు తూర్పున, విజయవాడకు పోవు రహదారిమీద, దిల్‌సుఖ్‌నగరు దాటిన పిమ్మట ఎల్.బి. నగరు వచ్చును. లాల్ బహదూర్ నగరు అనునది దాని పూర్తి పేరు. ప్రతిదినమును వేలకొలది జనులు ఈ పేరును పలుకుచున్నారు. కాని ఆ మహనీయుని జీవితమందలి ఒక ఘట్టమునకును మనము విచారింపబోవు విషయమునకును గల సంబంధమును తలచువారు అరుదు.

1956 సెప్టెంబరులో మహబూబునగరు సమీపమున వంతెన కూలి రైలు పడిపోగా నూరుమందికి పైగా మరణించిరి. అప్పుడు రైల్వే మంత్రిగా నుండిన లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా సమర్పింపగా ప్రధాని నెహ్రూ దానిని అంగీకరింపలేదు. అదే సంవత్సరము నవంబరులో తమిళదేశమునందలి అరియలూరు వద్ద మరల అట్టి ప్రమాదము జరిగెను. ఈ మారు శాస్త్రి పట్టుబట్టి పదవిని విడిచెను. ఆయన వంతెన కట్టినవాడు కాడు. రైలు నడపినవాడును కాడు. తన స్వంత తప్పు లేకున్నను, తన యధీనమున జరుగు పనిలో ప్రాణనష్టము కలిగినప్పుడు బాధ్యత తనదేయని ఆయన యెంచెను.

తప్పుతో నిమిత్తము లేని ఈ బాధ్యతయే శ్రామిక నష్టపరిహార శాసనమునకు మూలసూత్రము. పనిలో గాయపడిన శ్రామికుని పక్షమున వాదించు వకీలును లోకము మెచ్చుకొనును. యజమాని పక్షమునను, బీమా సంఘముల పక్షమునను నిలుచు వకీలును గూర్చి మాత్రము మంచిమాట పలుకువారు తక్కువ. తప్పు లేకున్నను బాధ్యత కలదని శాసనమే చెప్పుచుండగా, ఇక ఈ వకీలు వాదింపవలసినదేమి? అతని వృత్తి ధర్మబద్ధమగునా? ఈ ప్రశ్నకు ఉత్తరము చరిత్రలో వెదుకవలయును.

పూర్వము ఇంగ్లండు దేశమున యజమాని చేతిలో మూడు డాళ్లుండెడివి. గాయమునకు తోటి పనివాని అజాగ్రత్త కారణమైనచో యజమాని పూచీపడడనుట మొదటిది. పనివాని స్వంత అజాగ్రత్త రవంత యున్నను అతనికేమియు రాదనుట రెండవది. అపాయము తెలిసియే పనిలో చేరినాడు గనుక దాని ఫలము అతడే అనుభవింపవలెననుట మూడవది. మొదటిదానికి మూలము 1837 నాటి ఒక తీర్పు. మాంసమమ్ము వర్తకుని వద్ద పనిచేయు సేవకుడొకడు, మితిమీరి బరువెత్తిన బండి విరిగి పడిపోగా, తొడ యెముక విరుగగొట్టుకొనెను. జూరీవారు అతనికి నూరు పౌన్లు ఇప్పించిరి. పై న్యాయమూర్తులు దానిని కొట్టివేసిరి. ఇట్టి బాధ్యతను ఒప్పుకొన్నచో అది ఎచ్చటికి పోయి ఆగునో తెలియదనియు, ఆ బండి యెక్కుట ఇష్టము లేనిచో సేవకుడు నిరాకరింపవచ్చుననియు వారు తలచిరి. ఆకలిగొన్నవానికి నిరాకరించు స్వేచ్ఛ ఎంత యుండునో వారు విచారింపలేదు.

యంత్రములు పెరిగినకొలది ఈ వాదముల క్రౌర్యము బయటపడెను. 1884 లో జర్మనీ దేశము ప్రమాద బీమాను శాసనముచే నెలకొల్పెను. ఇంగ్లండు 1880 లో కొంత సవరణ చేసి, 1897 లో శ్రామిక నష్టపరిహార చట్టమును తెచ్చెను. ఇచటినుండి ప్రశ్నయే మారెను. తప్పెవరిది యని గాక, గాయము పనివలన, పనిచేయు కాలమున కలిగినదా యని అడుగుట మొదలయ్యెను.

మన దేశమున ఈ చట్టము 1923 లో పుట్టి, 1924 జూలై 1 నుండి అమలయ్యెను. మొదట అది మిగుల పిసినారి శాసనము. పది దినములకు మించని అశక్తతకు ఏమియు లేదు. వయోజనుడు మరణించినచో ముప్పది నెలల జీతము గాని 2,500 రూపాయలు గాని, ఏది తక్కువయో అది చెల్లును. నెలకు 20 రూపాయలు గడించువాని ప్రాణమునకు ఈ లెక్కను 600 రూపాయలు. 1929 లో నియమింపబడిన రాయల్ కమీషను విచారణ పిమ్మట, 1933 లో చట్టము సవరింపబడెను. పది దినములు ఏడయ్యెను. 1959 లో అది మూడు దినములకు తగ్గెను. హైదరాబాదు సంస్థానము భారతదేశమున చేరిన తరువాత, 1951 లో ఈ చట్టము ఇచటికిని వచ్చెను. 2009 నాటి సవరణ దీనికి ఉద్యోగుల నష్టపరిహార చట్టమని పేరు మార్చెను. 2020 జనవరి నుండి నెలజీతమును 15,000 రూపాయల వరకు లెక్కింపవచ్చునని నిర్ణయమయ్యెను. మరణమునకు ఆ జీతములో సగమును వయస్సుననుసరించు గుణకముతో హెచ్చింతురు. ముప్పది యేండ్లవానికి గుణకము 207.98. అనగా అతని కుటుంబమునకు గరిష్ఠముగా 15,59,850 రూపాయలు.

ఇక యజమానికి మిగిలిన వాదము లేవి? మద్యము గాని మాదకద్రవ్యము గాని సేవించిన మత్తువలన గాయపడినాడనుట. భద్రతకై స్పష్టముగా నిచ్చిన ఆజ్ఞను బుద్ధిపూర్వకముగా ధిక్కరించినాడనుట. రక్షణకై అమర్చిన సాధనమును తెలిసియే తొలగించినాడనుట. ఇవి మూడును మరణము సంభవించినచోట చెల్లవు. 1995 నుండి శాశ్వతమగు పూర్తి అశక్తత విషయమునను చెల్లవు. వట్టి అజాగ్రత్త ఏనాడును వాదముగా చెల్లలేదు. వీనికి తోడు మూలప్రశ్న ఒకటి కలదు: గాయమునకును పనికిని నిజముగా సంబంధమున్నదా?

ఈ మూలప్రశ్నయే యజమాని పక్షపు వకీలునకు న్యాయమైన కార్యక్షేత్రము. దీనిని రెండు తీర్పులు విశదపరచును. యాత్రికులను గుడికి తీసికొనిపోయిన డ్రైవరొకడు కోనేటి మెట్లవద్ద జారి నీటిలో పడి మరణించెను. ఆ మరణమునకు అతని పనితో సంబంధము లేదని 2009 లో సుప్రీంకోర్టు నిర్ణయించెను. వేయి కిలోమీటర్లకు పైగా లారీ నడపి, దారిలో ఆపి, ప్రాణము విడిచిన మరియొక డ్రైవరు విషయమున, ఆ శ్రమయే మరణమునకు హేతువని 2012 లో అదే న్యాయస్థానము పరిహారమిప్పించెను. రెండును డ్రైవర్ల మరణములే. ఈ భేదమును నిర్ణయించుటకు ఇరుపక్షముల వాదమును వినక తప్పదు. గాయపడిన ప్రతివానికిని, పనితో నిమిత్తము లేకయే, యజమాని చెల్లింపవలెనన్నచో అది నష్టపరిహారము గాక దండుగ యగును. చిన్న పెట్టుబడితో ఒక లారీని గాని ఒక దుకాణమును గాని నడుపుకొనువాడు అందుచే కూలిపోవచ్చును. కనుక సత్యమును నిలుపు ప్రతివాదము శాసనమునకు శత్రువు కాదు.

శత్రువైన ప్రతివాదము వేరు. ఒడిస్సాలో, మన పొరుగుననున్న జయపురమున, 1968 జూలై 6 వ తేదీన ఒక వడ్రంగి సినిమాశాలలో అలంకారపు పని చేయుచు క్రిందపడెను. ఎడమచేతిని మోచేతిపై భాగమున తీసివేయవలసి వచ్చెను. యజమాని అతనికి తాత్కాలికముగానైనను ఏమియు చెల్లింపలేదు. పైగా ఆ వడ్రంగి తన పనివాడు కాడనియు, గుత్తకు పని పట్టిన కాంట్రాక్టరనియు, అతని అజాగ్రత్తయే ప్రమాదమునకు హేతువనియు వాదించెను. ఇవి నిజము కాని వాదములని సుప్రీంకోర్టు తన తీర్పున చెప్పెను. ఒక చేయి మిగిలినది గదా, పూర్తి అశక్తత యెట్లగుననుట ఇంకొక వాదము. ఒంటిచేతితో వడ్రము సాగదని న్యాయస్థానము బదులు చెప్పెను. పరిహారము ప్రమాదము జరిగిన దినముననే బాకీపడుననియు, అధికారి తీర్పు చెప్పువరకు ఆగుట చెల్లదనియు నిర్ణయించెను. పరిహారము 9,800 రూపాయలు. ఆ మొత్తమును గూర్చిన వ్యాజ్యము ముగియుసరికి 1975 డిసెంబరు వచ్చెను. ఏడేండ్లకు పైగా ఆ యొంటిచేతి మనుష్యుడు ఎట్లు జీవించెనో తీర్పున లేదు.

ఆలస్యము యజమానికి ఆదాయమను భ్రమ ఇట్టి వ్యాజ్యములకు మూలము. చట్టము దీనికి కట్టుబాట్లు చేసినది. ఒక నెలలో చెల్లింపనిచో నూటికి 12 వంతున వడ్డీ, తగిన కారణము లేనిచో సగము వరకు అపరాధ రుసుము. తీర్పుమీద అప్పీలు చేయదలచు యజమాని ముందుగా సొమ్మును జమ చేయవలెను. మరణపు పరిహారమును అధికారి వద్దనే జమ చేయవలెను. విధవ చేతిలో కొంత పెట్టి వేలిముద్ర వేయించుకొన్నచో అది చెల్లింపు కానేరదు. పరిహారపు హక్కును వదలుకొందునని ముందుగా వ్రాయించుకొన్న కాగితము చెల్లదు. మోటారు వాహనముల విషయమున బీమా సంఘము పరిహారమును వడ్డీని భరింపవలెనే గాని, యజమాని చేసిన ఆలస్యమునకు పడిన అపరాధ రుసుమును భరింపనక్కరలేదని 1997 లో సుప్రీంకోర్టు చెప్పెను. కనుక ఆలస్యము చేయుమని బోధించు వకీలు తన కక్షిదారునకే చేటు చేయుచున్నాడు.

ఇప్పుడు మన ఊరి మాటకు వత్తము. ఎల్.బి. నగరున రంగారెడ్డి జిల్లా న్యాయస్థానములు కలవు; వకీళ్లకు కొదువ లేదు. అయినను ఈ వ్యాజ్యములు సివిలు కోర్టులో గాక, కార్మికశాఖ అధికారుల యెదుట నడచుచు వచ్చినవి. నగరమున ఆ శాఖవారి భవనమునకు టి. అంజయ్య పేరు పెట్టబడినది. ఆయన ఆల్విను కర్మాగారమున కూలిగా పనిచేసి, 1980 లో ముఖ్యమంత్రి యయ్యెను.

దిల్‌సుఖ్‌నగరునుండి ఎల్.బి. నగరు వరకు ఇండ్లమీద ఇండ్లు లేచినవి. 2018 సెప్టెంబరులో మెట్రోరైలు అమీరుపేటనుండి ఇచటికి వచ్చెను. 2023 జూన్‌లో సాగర్ రింగురోడ్డు వద్ద నిర్మాణములోనున్న వంతెనభాగము కూలి పలువురు పనివారు గాయపడిరి. పెద్ద పనులలో ఇట్టి ప్రమాదము పత్రికల కెక్కును. ఇంటి రెండవ అంతస్తు పరంజానుండి జారిపడిన పాలమూరు కూలివాని వార్త ఆ వీధి దాటదు. అతనికి హాజరుపట్టీ లేదు, జీతపు రసీదు లేదు. ఉదయము అడ్డామీద నిలిచినవానిని మేస్త్రీ పిలిచినాడు, అంతే. అతడెవరో మాకు తెలియదని యజమానియు, నేను మధ్యవర్తిని మాత్రమేయని మేస్త్రీయు చెప్పినచో, జయపురపు వడ్రంగిపై తెచ్చిన వాదమే మరల పుట్టుచున్నది. వ్యాపారమునకై గుత్తేదారుచే పని చేయించువాడు గుత్తేదారుని పనివానికి తానే ముందుగా పరిహారము చెల్లించి, పిమ్మట గుత్తేదారునుండి రాబట్టుకొనవలెనని 1923 చట్టమే విధించెను.

చదువరులలో పెక్కుమంది, మేము కర్మాగారముల యజమానులము కాము గదా యనుకొందురు. ఈ నిశ్చింతకు పూర్వము ఆధారముండెడిది. స్వంత వ్యాపారమునకు గాక, అప్పటికప్పుడు కూలికి పిలిచినవానిని చట్టము శ్రామికుడుగా నెంచలేదు. 2000 సంవత్సరపు సవరణ ఆ మినహాయింపును తీసివేసెను. 1923 చట్టమునకు బదులుగా 2020 నాటి సాంఘిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చినది. తప్పుతో నిమిత్తము లేని బాధ్యత అందును నిలిచినది. ఇంటినుండి పనికి పోవుచు వచ్చుచు కలుగు ప్రమాదమునకు పనితో సంబంధము స్థిరపడినచో అదియు పనిప్రమాదమే యని స్మృతి చేర్చినది. బాధ్యత విస్తరించుచున్నదే గాని తగ్గుట లేదు.

కాబట్టి ఇల్లు కట్టించుకొను గృహస్థు, కారునకు డ్రైవరును పెట్టుకొను గృహిణి, దుకాణదారు, అందరును ఏదో యొకనాడు యజమాని పక్షపు వకీలు గడపనెక్కవలసినవారే. ఆనాడు అతనిని ఏమడుగుదుము? తప్పించుకొను త్రోవ చూపుమందుమా, లేక మేమిచ్చుకొనవలసినదెంతయో చెప్పుమందుమా? మొదటి ప్రశ్నకు ఉత్తరమిచ్చు వకీళ్లు మన ప్రశ్నవలననే పుట్టుచున్నారు. మంచి వకీలు మొదట అడుగునది మూడు మాటలు: ఇతడు మీ పని చేయుచుండెనా? గాయము ఆ పనిలో కలిగెనా? జీతమెంత? మూడింటికిని సత్యమైన జవాబు దొరికినచో, చెల్లవలసినది నేడే జమచేయుడని చెప్పును. దొరకనిచోట మాత్రమే ఎదుర్కొనును. ఇది బలహీనుని వాదము కాదు, వృత్తిధర్మము.

తన చేతితో త్రోయని రైలునకు పూచీపడి పదవిని వదలిన వాని పేరిట మన కాలనీలు వెలసియున్నవి. పదవిని వదలుమని మనలను ఎవరును అడుగుట లేదు. మన గోడ కట్టుచు పడినవాడు మన పనివాడేయని ఒప్పుకొనుమని మాత్రమే శాసనము అడుగుచున్నది. వకీలు గడప నెక్కకమునుపే, పనివారి పేర్లను జీతములను ఒక చిన్న పుస్తకమున వ్రాసికొని, ప్రమాద బీమా చేయించి, పరంజాను ఒకమారు స్వయముగా పరీక్షించుట ఏ గృహస్థునకును భారము కాదు.