పొదుపు సొమ్ముకు ఎవరి పంచాంగం?

బంగారం, పోస్టాఫీసు, షేర్ల సూచీ: ఈ మూడింటిలో దేనిలో సొమ్ము వేసి కదపకుండా ఉంచినవాడు చరిత్రలో బాగుపడ్డాడు? కోరుకొండలో మా వీధి అరుగుమీద ఇటీవల ఈ చర్చ వచ్చింది. తెలుగు పాఠం చెప్పుకునే నాకు ఈ గొడవ ఎందుకని మొదట అనుకున్నాను. కాని 2004 సెప్టెంబరు 1 తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వోద్యోగంలో చేరినవారి జీతంలో పదోవంతు కంట్రిబ్యూటరీ పెన్షన్ పథకంలోకి పోయే ఏర్పాటు వచ్చింది. అందులో కొంత షేర్లలోకి వెళ్తుంది. నేనూ వారిలో ఒకణ్ణి. కనుక ఇది మన బ్రతుకు ప్రశ్నే.

లెక్క చూద్దాం. బొంబాయి సూచీ సెన్సెక్స్‌కు 1978-79 సంవత్సరం ఆధారం. నాటి విలువ 100. 2024 సెప్టెంబరులో అది 85,000 దాటింది. ఇక తీర్పు చెప్పడానికేమున్నదని మదుపు పండితులు అంటారు. అయితే రెండు కొసలు మాత్రమే పట్టుకొని చదివితే అది చరిత్ర కాదు. 1992 ఏప్రిల్‌లో సూచీ 4,400 దాటింది. హర్షద్ మెహతా కుంభకోణం బయటపడింది. 2003 ఏప్రిల్ చివరికి సూచీ 3,000కు దిగువన ఉన్నది. ఆ పదకొండేళ్లలో నిత్యావసరాల ధరలు ఇంచుమించు రెట్టింపయ్యాయి. డివిడెండ్లు కలుపుకున్నా ఆ నష్టం పూడదు. బంగారం కూడా ధరల వెనుకనే నడిచింది. 1968లో మొదలైన పబ్లిక్ ప్రావిడెంట్ ఫండు 2000 జనవరి దాకా 12 శాతం వడ్డీ ఇచ్చింది కనుక, అందులోని సొమ్ము మాత్రం మూడు రెట్లు దాటింది.

2003 నుంచి 2024 వరకు చూడండి, వరుస తలక్రిందులైంది. సూచీ 28 రెట్లు, బంగారం 12 రెట్లకు పైన, ఫండు సుమారు 5 రెట్లు.

అంటే, గెలుపు సరుకును బట్టి కాదు, మొదలుపెట్టిన ఏటిని, తీసుకున్న ఏటిని బట్టి తేలింది. ఆ ఏడును ఎంచుకునేది ఎవరు? ధనికుడు మరో అయిదేళ్లు ఆగగలడు. ఉద్యోగి విరమణ తేదీ అతని పుట్టిన తేదీ నిర్ణయిస్తుంది. నెలనెలా కోసే సొమ్ముకు ప్రమాదం కొంత తగ్గే మాట నిజమే. కాని పోగైన మొత్తం పెద్దదయ్యేది చివరి సంవత్సరాల్లోనే. దెబ్బ అప్పుడు తగిలితే కోలుకునే వ్యవధి లేదు. భద్రమని మధ్యతరగతి నమ్ముకున్న యూనిట్ ట్రస్టు యు.ఎస్.-64 పథకం 2001 జులైలో యూనిట్లు తిరిగి కొనటం నిలిపివేసినప్పుడు, డబ్బు అవసరమైనవాడికి సగటు లాభాల పట్టిక అన్నం పెట్టలేదు.

1976లో అమెరికాలో జాన్ బోగుల్ సామాన్యుల కోసం సూచీ నిధిని ప్రారంభించాడు. దళారీల వాటా తగ్గించటం మేలైన పనే. దాన్ని కాదనవలసిన పని లేదు. కాని కదపకుండా ఉంచగలగటం ఒక వివేకమని చెప్పేవారు, అది ముందుగా ఒక వర్గానికి ఉన్న వసతి అని మరచిపోతారు. నారుమళ్లనాడు మెడలోని బంగారం తాకట్టు పెట్టి, పంట ధర పడిపోయి విడిపించుకోలేని డెల్టా కౌలురైతుకు తరువాత ఇరవైయేళ్లలో బంగారం ఎన్ని రెట్లు పెరిగితే ఏమి? ఆ పెరుగుదల తాకట్టు పట్టినవాడిది.

కనుక విద్యార్థులకు నేను చెప్పేది ఇంతే: ఏ పట్టిక చూపినా, అది ఏ ఏట మొదలై ఏ ఏట ముగిసిందో అడగండి. మధ్యలో అమ్ముకోవలసివచ్చినవాడు అందులో ఎక్కడున్నాడో వెదకండి. వృద్ధాప్యానికి భరోసా అనేది మార్కెటు పంచాంగం చూసి పెట్టుకునే ముహూర్తం కాదు. జీవితమంతా చేసిన శ్రమకు సంఘం తీర్చవలసిన బాకీ.