సిలిండర్ గోడ: వాట్ ఆవిరి యంత్రం నుంచి మన లేత్ షాపు వరకు

చిలమకూరు, ఎర్రగుంట్ల ప్రాంతంలో మీరు తిరిగి ఉంటే అక్కడి తెల్లని దుమ్ము మీకు కొత్త కాదు. సున్నపురాయి గనులు, నాపరాళ్లు, సిమెంటు లారీలు ఉన్నచోట మట్టిబాటల్లో నడిచే పాత మోటారుసైకిలు కూడా ఆ గాలినే పీలుస్తుంది. ఎయిర్ ఫిల్టరు చిరిగితే దుమ్ము నేరుగా సిలిండర్‌లోకి చేరుతుంది. సున్నపురాయి పొడి ఇనుముకంటే మెత్తనిదే. గోడను గీసేది అందులో కలిసిన ఇసుక. కొన్నాళ్లకు బండి ఎత్తు ఎక్కదు, కిక్కు కొడితే కాలికి బరువు తగలదు. ‘ఇంజను బోరుకొచ్చింది’ అంటాడు మెకానిక్కు. ఈ మాటకు రెండున్నర శతాబ్దాల చరిత్ర ఉంది.

1769లో జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రానికి పేటెంటు పొందాడు. కానీ యంత్రం సరిగా నడవలేదు. లోపం ఆలోచనలో లేదు, సిలిండర్‌లో ఉంది. నాటి పనివారు గుండ్రని సిలిండర్‌ను తయారుచేయలేకపోయారు. సందుల్లోంచి ఆవిరి పోతుంటే పిస్టన్ చుట్టూ గుడ్డలు, నార కుక్కేవారు. 1775 ప్రాంతంలో జాన్ విల్కిన్‌సన్ కోత కడ్డీని రెండు చివరలా ఆనించి తిప్పే యంత్రం నిర్మించాడు. 50 అంగుళాల సిలిండర్‌లో పాత షిల్లింగు మందమంత తేడా కూడా రాలేదని వాట్ భాగస్వామి బోల్టన్ రాశాడు. పారిశ్రామిక విప్లవం అనగానే మనం వాట్‌నే తలచుకుంటాం. బోరు కొట్టినవాడిని మరచిపోతాం.

ఇప్పుడు మన బండి దగ్గరకు వద్దాం. 1985లో ఎస్కార్ట్స్ సంస్థ యమహా ఆర్.ఎక్స్.100ను మన దేశంలో విడుదల చేసింది. దాని సిలిండర్ వ్యాసం 50 మి.మీ., పిస్టన్ నడక 50 మి.మీ., పరిమాణం 98 సి.సి. 1996లో ఉత్పత్తి ఆగినా ఈ బండ్లు ఇంకా రోడ్లమీద ఉన్నాయంటే ఒక ముఖ్య కారణం దాని సిలిండర్ లోపలి గోడ పోత ఇనుము కావడమే. అరిగిన గోడను కొద్దిగా పెద్దది చేసి, పెద్ద పిస్టన్ వేయవచ్చు.

అరుగుదల అంతటా సమంగా ఉండదని గమనించండి. పిస్టన్ పైకెళ్లి ఆగేచోట నూనె పొర పలచబడి, మంట ఒత్తిడి రింగును గోడకు అదుముతుంది. అందుకే పైభాగం ఎక్కువ అరిగి, వేలికి అంచు తగులుతుంది. కనెక్టింగ్ రాడ్ పక్కకు నెట్టడంవల్ల వృత్తం కోలగా మారుతుంది. కనుక బోర్ గేజ్‌తో పైన, మధ్య, కింద, ఒక్కొక్కచోట రెండు దిశల్లో కొలవాలి. ముందు పిస్టన్ కొని, దానిని కొలిచి, తగిన సందు కలిపి ఆ కొలతకే బోరు కొట్టాలి; పెట్టెమీది అంకెను నమ్మకూడదు. తరువాత హోనింగ్. టూ స్ట్రోక్ బండికి పోర్టుల అంచులు కూడా నునుపు చేయాలి. లేకుంటే రింగు తట్టుకొని విరుగుతుంది. చివరగా, తెల్లగుడ్డతో తుడిస్తే మరక రానంతవరకు సబ్బునీటితో కడగాలి.

ఒక చిన్న విశేషం: అర మిల్లీమీటరు పెంచితే పరిమాణం 100 సి.సి. దాటుతుంది. పేరులోని 100 అప్పటికిగాని నిజం కాదు!

నేటి మోటోక్రాస్ బైకుల్లో చాలావాటికి అల్యూమినియం గోడపై నికెల్, సిలికాన్ కార్బైడ్ పూత ఉంటుంది. అది ఇనుముకంటే ఎక్కువకాలం మన్నుతుంది. కానీ పూత పోయాక మామూలుగా బోరు కొట్టి సరిచేయలేం. మళ్లీ పూత వేయించాలి, లేదా కొత్త సిలిండర్ కొనాలి. లేత్ ఉన్న ప్రతి ఊళ్లోనూ ఈ పూత పని జరగదు.

ఇనుప గోడకూ హద్దు ఉంది. బోరు పావు మిల్లీమీటరు చొప్పున పెరుగుతూ పోతే చివరికి సరిపోయే పిస్టన్ దొరకదు. అప్పుడు కొత్త స్లీవ్ వేయాలి. పాత బండి బేరమాడేవారు ‘ఇప్పుడు ఎన్నో బోరులో ఉంది?’ అని ముందుగా అడిగేది ఇందుకే.