త్యాగరాజు ఇల్లు, తిరువయ్యారు

తిరువయ్యారు తిరుమంజన వీధిలో వాగ్గేయకారుడు త్యాగరాజు (1767–1847) తుదివరకు నివసించిన ఇంటి స్థలం. తంజావూరుకు ఉత్తరంగా, కావేరి ఒడ్డున ఉన్న ఊరిది. త్యాగరాజు పుట్టింది తిరువారూరులోనే అయినా పెరిగిందీ, తెలుగు కీర్తనలు కూర్చిందీ ఎక్కువగా ఇక్కడే. తంబుర మీటుతూ ఉంఛవృత్తికి తిరిగిన వీధులు ఇవే. చివరి రోజుల్లో సన్యాసం స్వీకరించి, 1847 జనవరి 6న, పుష్య బహుళ పంచమి నాడు సిద్ధి పొందాడు.

పాత ఇల్లు ఇప్పుడు లేదు. దాన్ని పడగొట్టి స్మారక మందిరం కట్టారు. ఆ గోడలనే నిలబెట్టి ఉంచవలసింది. ఈ నష్టం పూడ్చలేనిది.

త్యాగరాజు సమాధి ఇక్కడ కాదు, కావేరి గట్టున ఉంది. శిథిలమవుతున్న ఆ చోట గాయని బెంగుళూరు నాగరత్నమ్మ సొంత సొమ్ముతో గుడి కట్టించింది. 1925లో కుంభాభిషేకం జరిగింది. ఆడవాళ్లను అక్కడ పాడనివ్వని రోజుల్లో పట్టుబట్టి పాడిన ధీర ఆమె. ఆమె సమాధి కూడా ఎదుటే ఉంది.

ఏటా ఆయన సిద్ధి పొందిన తిథికి జరిగే ఆరాధన నాడు ఉంఛవృత్తి ఊరేగింపు ఇంటి దగ్గర బయలుదేరి సమాధికి చేరుతుంది. ముందు వేణువు మీద ‘చేతులారా’ కీర్తన, ఆ వెంటనే నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల పంచరత్నాలు సామూహికంగా వినిపిస్తాయి. చాలామంది సమాధి చూసి తిరిగి వెళ్లిపోతారు. తిరువయ్యారు వచ్చేవారు తిరుమంజన వీధికి కూడా తప్పక వెళ్లాలి.