కొండ దిగేటప్పుడు కాలి బ్రేకు కాదు, ఇంజనే కాపాడాలి

ఈసారి పోస్టు కొంచెం పెద్దది. తీరిక చేసుకుని చదవండి. ట్రాక్టర్ తోలేవాళ్ళు, లారీ మీద బతికేవాళ్ళు ఇంట్లో ఉంటే వాళ్ళకి చదివి వినిపించండి.

అమెరికాలో మోటార్‌హోమ్ అని ఒక బండి ఉంటుంది. బస్సంత పొడవు. లోపల మంచం, వంటగది, స్నానాల గది అన్నీ ఉంటాయి. రిటైరైన భార్యాభర్తలు దాన్నే ఇల్లు చేసుకుని ఊళ్ళు తిరుగుతుంటారు. పెద్ద వాటిల్లో డీజిల్ ఇంజన్ వెనకాల ఉంటుంది. పది టన్నులు దాటడం మామూలే. పైగా చాలామంది వెనకాల ఒక కారు కూడా తగిలించుకుని పోతారు. అంత బరువుతో రాకీ పర్వతాల్లో ఆరేడు శాతం వాలున్న రోడ్లు మైళ్ళకి మైళ్ళు దిగాలి. ఆరు శాతం అంటే వంద మీటర్లు నడిస్తే ఆరు మీటర్లు కిందకి దిగడం. చూడ్డానికి ఏముంది అనిపిస్తుంది. లెక్క వేస్తే తెలుస్తుంది సంగతి.

పది టన్నుల బండి 500 మీటర్ల ఎత్తు దిగిందనుకోండి. ఆ దిగడంలో పుట్టే శక్తంతా వేడిగా మారితే 20 డిగ్రీల చన్నీళ్ళు 140 లీటర్లకి పైగా మరిగే దాకా వస్తాయి. ఆరు శాతం వాలులో గంటకి 60 కిలోమీటర్ల వేగంతో పోతే ఇదంతా ఎనిమిది నిమిషాల్లో అయిపోతుంది. ఎదురుగాలి, టైర్ల రాపిడి కొంత తినేసినా, రెండు 50 హెచ్‌పీ ట్రాక్టర్లు ఫుల్లుగా వెనక్కి లాగుతున్నంత పని మిగులుతుంది. ఆ పనంతా చక్రాల దగ్గరున్న బ్రేకుల మీదే పెడితే ఏమవుతుంది? డ్రమ్ము కాలి వ్యాకోచిస్తుంది, లైనింగు పట్టు వదిలేస్తుంది. ఆయిల్ బ్రేకులైతే ఆయిల్ మరిగి పెడల్ మెత్తబడుతుంది. కాలు నేలకి ఆనినా బండి ఆగదు. బ్రేకు "తెగిపోయింది" అని మనం చెప్పుకునే చాలా ప్రమాదాల్లో నిజానికి తెగేదేమీ ఉండదు. వేడికి చేతులెత్తేస్తుంది, అంతే.

మరి ఇంజన్ ఆపదా అంటారు. అక్కడే డీజిల్‌తో ఒక చిక్కుంది. పెట్రోల్ ఇంజన్‌లో యాక్సిలరేటర్ వదిలితే గాలి వచ్చే దారి మూసుకుంటుంది. పిస్టన్ ఖాళీని పీల్చుకోడానికి కష్టపడుతుంది, ఆ కష్టమే బండిని పట్టి ఉంచుతుంది. పాతకాలం నుంచి డీజిల్‌కి ఆ మూత లేదు. గాలి ఎప్పుడూ నిండుగా పోతుంది, డీజిల్ మాత్రమే తగ్గుతుంది. పిస్టన్ ఆ గాలిని గట్టిగా నొక్కుతుంది నిజమే. కానీ నొక్కిన గాలి స్ప్రింగు లాంటిది, వెంటనే పిస్టన్‌ని తిరిగి తోసేస్తుంది. సైకిల్ పంపు మూతికి వేలు అడ్డం పెట్టి నొక్కి చూడండి. పెట్టిన బలమంతా హ్యాండిల్‌ని పైకి తోస్తూ తిరిగి వచ్చేస్తుంది. అందుకే ఉత్త డీజిల్ ఇంజన్, గేరులో ఉన్నా, పెద్ద బరువుని కొండ మీద సగం సగంగానే పట్టుకోగలదు.

ఈ చిక్కు విప్పినాయన పేరు క్లెస్సీ కమిన్స్. 1888లో ఇండియానా రాష్ట్రంలో రైతు కుటుంబంలో పుట్టాడు. చదువు ఎనిమిదో తరగతితో సరి. ఒక బ్యాంకరు దగ్గర కారు డ్రైవరుగా, మెకానిక్కుగా చేరాడు. ఆ బ్యాంకరు పెట్టుబడి పెడితే 1919లో కొలంబస్ అనే ఊళ్ళో ఇంజన్ కంపెనీ మొదలైంది. మీరు లారీల మీద, జనరేటర్ల మీద చూసే కమిన్స్ పేరు అదే.

ఆ కంపెనీ మొదట చేసింది రైతుల కోసం చిన్న ఇంజన్లు. సియర్స్ అనే పెద్ద దుకాణం వాటిని కేటలాగులో పెట్టి అమ్మింది. నచ్చకపోతే వాపసు అని ఆ దుకాణం హామీ. కొందరు సీజనంతా వాడుకుని, పని అయ్యాక నచ్చలేదని తిప్పి పంపేశారట! రైతు ఎక్కడైనా రైతే మరి. ఆ దెబ్బకి కంపెనీ మునిగినంత పనైంది.

డీజిల్ అంటే పడవలకి, మిల్లులకి తప్ప రోడ్డుకి పనికిరాదని ఆ రోజుల్లో జనం నమ్మకం. అది మార్చాలని కమిన్స్ పట్టుదల. 1931లో ఇండియానాపోలిస్ 500 మైళ్ళ రేసులో ఆయన డీజిల్ కారు మధ్యలో ఒక్కసారి కూడా ఆగకుండా పందెం పూర్తి చేసింది. అదే ఏడాది ఒక డీజిల్ లారీని తీసుకుని న్యూయార్క్ నుంచి లాస్ ఏంజెలెస్‌కి దేశం అడ్డంగా బయల్దేరాడు. దారంతా బాగానే సాగింది. కాలిఫోర్నియాలో కహోన్ పాస్ అనే కనుమ దగ్గర పరీక్ష ఎదురైంది.

ఆ కనుమ దాటి రూట్ 66 మీద సాన్ బెర్నార్డినో వైపు దిగాలి. దిగుతుండగా బ్రేకులు కాలిపోయి పట్టు పోయింది. ఇంజన్ ఆపలేకపోయింది. బండి వేగం పెరుగుతూనే ఉంది. కింద రోడ్డుని రైలు పట్టాలు అడ్డంగా దాటుతున్నాయి, ఆ పట్టాల మీద అప్పుడే గూడ్సు బండి పోతోంది. ఆఖరి పెట్టె రోడ్డు దాటడం, లారీ ఆ పట్టాల మీదుగా దూసుకుపోవడం దాదాపు ఒక్కసారే జరిగాయి. వెంట్రుకవాసిలో బతికారు.

ఇక్కడ గమనించాల్సిందేమిటంటే, ఆ లారీని ఆపలేకపోయిన ఇంజన్ ఆయన సొంత ఇంజనే. డీజిల్ గొప్పదని దేశానికి చాటడానికి పోయిన మనిషికి, ఎక్కించడమే కాదు, దించడం కూడా ఇంజన్ పనే అని కొండ నేర్పింది. ఆ భయాన్ని ఆయన పాతికేళ్ళు మనసులో మోశాడు.

1955లో కంపెనీ పని నుంచి తప్పుకున్నాడు. అప్పుడు మళ్ళీ ఆ లెక్క తీశాడు. ఆయనకి తట్టిన ఉపాయం మనలో పాతవాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది. బావి దగ్గర ఆయిల్ ఇంజన్‌కి హ్యాండిల్ కొట్టినవాళ్ళు గుర్తు తెచ్చుకోండి. ముందు డీకంప్రెషన్ లివర్ ఎత్తేవాళ్ళం. వాల్వు తెరుచుకుని ఉంటుంది, గాలి నొక్కుకోదు, హ్యాండిల్ తేలిగ్గా తిరుగుతుంది. ఊపందుకున్నాక లివర్ వదిలితే టపటపమని అంటుకునేది. వాల్వు తెరిస్తే లోపలి బలం పోతుందనేది అక్కడి సూత్రం.

కమిన్స్ చేసిన తేడా అల్లా వాల్వు ఎప్పుడు తెరవాలి అన్నదే. మొదటినుంచీ తెరిచి ఉంచడు. పిస్టన్ కష్టపడి గాలిని పూర్తిగా నొక్కేదాకా ఆగుతాడు. సరిగ్గా పైకి చేరే వేళకి ఎగ్జాస్ట్ వాల్వు కొద్దిగా తెరుస్తాడు. నొక్కిన గాలి పొగగొట్టం దారిన పోతుంది. స్ప్రింగు తిరిగి తోయడానికి ఇంకేం మిగల్లేదు. సైకిల్ పంపు కిందిదాకా నొక్కి అప్పుడు వేలు తీసేసినట్టన్నమాట. ప్రతి నొక్కుకీ బండి బలం కొంత ఖర్చవుతుంది, తిరిగి రాదు. బండిని నడిపించే ఇంజన్ కాస్తా, బండి తోసే గాలి కంప్రెసర్ అయిపోతుంది. కమిన్స్ ఇంజన్‌లో ఇంజెక్టర్‌ని తొక్కే క్యామ్ సరిగ్గా ఆ వేళకే కదులుతుంది. ఆ కదలికనే ఆయిల్ ఒత్తిడితో వాల్వు మీదకి మళ్ళించాడు. కొత్త క్యామ్ అవసరం లేకపోయింది.

ఇంజన్ తయారీదార్లు మొదట్లో ముందుకు రాలేదు. చివరికి జాకబ్స్ అనే కంపెనీ చేపట్టింది. డ్రిల్లు మిషన్‌లో బిట్టు పట్టుకునే చక్కులు చేసేవాళ్ళు వాళ్ళు. 1961లో మొదటి బ్రేకులు బయటికొచ్చాయి. డ్రైవర్లు దానికి "జేక్ బ్రేక్" అని ముద్దు పేరు పెట్టుకున్నారు. 1985లో అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం దాన్ని చారిత్రక ఆవిష్కరణగా గుర్తించింది. కమిన్స్ 1968లో పోయాడు. తన బ్రేకు రోడ్డెక్కడం కళ్ళారా చూసే పోయాడు. లారీల నుంచి అది మోటార్‌హోమ్‌లకీ చేరింది. ఇప్పుడు పెద్ద వాటిల్లో డాష్‌బోర్డు మీద ఒక స్విచ్‌గా ఉంటుంది. దానికి మొహం చాటేసే ఊళ్ళు కూడా ఉన్నాయండోయ్. సైలెన్సర్ సరిగా లేని బండి ఈ బ్రేకు వేస్తే మిషన్ గన్ మోత మోగుతుంది. అందుకే ఇంజన్ బ్రేకు వాడొద్దని ఊరి మొదట్లో బోర్డులు పెడతారు.

ఇంకో రకం ఉంది, ఎగ్జాస్ట్ బ్రేక్. పొగగొట్టంలో ఒక రేకు మూత అడ్డం పడుతుంది, పొగ బయటికి పోలేక పిస్టన్‌కి ఎదురు నిలుస్తుంది. జేక్ బ్రేకు అంత బలం ఉండదు గానీ ఖర్చు తక్కువ. మన లారీల్లో, బస్సుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే.

కమిన్స్ మనకి దూరపు చుట్టమేమీ కాదు. 1962లోనే పుణేలో కిర్లోస్కర్ కమిన్స్ మొదలైంది. ఇక ఘాట్ రోడ్లు మనకి కొత్తా? 1944లో మొదలైన తిరుమల పాత ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికే వాడుతున్నారు. కొండ ఏ దేశానిదైనా లెక్క ఒకటే.

కాబట్టి మోటార్‌హోమ్ తోలేవాళ్ళు పాటించే పద్ధతి మనకీ పనికొస్తుంది.

గేరు దిగువ మొదలవకముందే తగ్గించాలి. వేగం అందుకున్నాక తగ్గిద్దామంటే గేరు పడదు, న్యూట్రల్‌లో ఇరుక్కుంటారు.

ఇంజన్ బ్రేకు, ఎగ్జాస్ట్ బ్రేకు రెండూ ఇంజన్ చురుగ్గా తిరిగితేనే పట్టుకుంటాయి. అలాగని హద్దు దాటి తిరగనివ్వకూడదు.

కాలి బ్రేకు అదేపనిగా తొక్కి ఉంచొద్దు. మీరు అనుకున్న వేగానికి చేరగానే గట్టిగా తొక్కి ఏడెనిమిది కిలోమీటర్లు తగ్గించి వదిలేయండి. మళ్ళీ పెరిగితే మళ్ళీ అంతే. మధ్యలో డ్రమ్ముకి గాలి తగలాలి.

వాన పడి రోడ్డు జారుతుంటే ఇంజన్ బ్రేకు ఆపేసి నెమ్మదిగా పోవాలి. అది ఇంజన్‌కి కలిసిన చక్రాలనే పట్టుకుంటుంది, జారాయంటే బండి అడ్డం తిరుగుతుంది.

ఆఖరి మాట, అన్నిటికన్నా ముఖ్యమైంది. దిగువ రాగానే న్యూట్రల్ చేసి డీజిల్ మిగిలిందనుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది. అసలు మిగలదు. గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే చక్రాలే ఇంజన్‌ని తిప్పుతాయి, పంపు డీజిల్ ఆపేస్తుంది. న్యూట్రల్‌లో మాత్రం ఇంజన్ ఆగిపోకుండా ఉండడానికి డీజిల్ తాగుతూనే ఉంటుంది. అంటే రూపాయి మిగలదు, పైగా ప్రాణం పందెం. ధాన్యం నింపిన ట్రాలీకి చాలాసార్లు సొంత బ్రేకులే ఉండవు. బరువంతా ట్రాక్టర్ మీదకి తోసుకొస్తుంది. చెరువు కట్ట దిగేటప్పుడైనా, వంతెన దిగేటప్పుడైనా గేరు తీయకండి.

కమిన్స్‌కి కహోన్ కనుమలో రైలు దాటిపోయింది కాబట్టి ఆలోచించుకోడానికి పాతికేళ్ళు దొరికాయి. అందరికీ అలా దొరకదు. మీ ఇంటి కుర్రాడు ట్రాక్టర్ తాళం తీసుకునేటప్పుడు ఈ ఒక్క ముక్క చెప్పి పంపండి.