పాతబస్తీ మొక్కే ఇనుము

గుడి తలుపులకో, చర్చి కిటికీలకో అల్లిన పాత ఇనుప పనిని ఎప్పుడు వెళ్లినా చూడొచ్చు. హైదరాబాద్ పాతబస్తీలో గొప్ప లోహపు పని అలా ఒకచోట కుదురుగా ఉండదు. మొహర్రం నెల రాగానే పెట్టెల్లోంచి లేచి, రంగు గుడ్డల దట్టీలు కట్టుకుని వీధుల్లోకి వస్తుంది. మొహర్రం సంతాపం జరిపే ఆషుర్‌ఖానాల్లో నిలిపే ఆలంలవి. పల్లెల్లో వాటినే పీర్లంటాం.

680లో కర్బలా యుద్ధంలో ఇమాం హుస్సేన్ పక్షాన జెండా పట్టినవాడు ఆయన సవతి తమ్ముడు అబ్బాస్. ఆ జెండాకు గుర్తే ఆలం. పొడవాటి కర్ర కొసన లోహపు రేకు నిలుస్తుంది. కొన్ని నీటిబొట్టు ఆకారంలో ఉంటాయి, కొన్ని అయిదువేళ్ల పంజాలా ఉంటాయి. కొన్నింటికి రెండు పక్కలా నోరు తెరిచిన డ్రాగన్ తలలుంటాయి. రేకు మధ్యలో అల్లా, ముహమ్మద్, అలీ పేర్లు. అక్షరాల చుట్టూ ఉన్న లోహాన్ని తొలిచేసి, అక్షరాలు ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడేలా చేయడంలోనే పనివాడి నేర్పంతా ఉంది. ఒక్క గీత ఎక్కువ కోసినా పేరు విడిపోతుంది.

కుతుబ్‌షాహీల కాలపు ఆలంలు ఎలా ఉండేవో తెలియాలంటే పత్తర్‌గట్టి దగ్గరి బాద్‌షాహీ ఆషుర్‌ఖానాకు వెళ్లాలి. చార్మినార్ తర్వాత మూడేళ్లకు, 1594లో, గోల్కొండ సుల్తాన్ ముహమ్మద్ కులీ కుతుబ్‌షా దాన్ని కట్టించాడు. గోడల మీది రంగు పలకల పని 1611 నాటిది. ఆ పలకల్లో పరిచింది కూడా ఆలంల రూపాలనే! అంటే కమ్మరి చేతి పనికి పలకల మీద చిత్రపటం మిగిలింది. 1687లో గోల్కొండ మొగలుల వశమయ్యాక ఈ భవనం బండ్లు నిలిపే చోటయింది. నిజాం అలీఖాన్ కాలంలో మళ్లీ బాగుపడింది. 1908 మూసీ వరద కింది వరసల పలకల్ని పాడుచేసింది. పోయినచోట రంగులద్దిన పూత కనిపిస్తుంది. పక్కనున్న అసలు పలకల మెరుపు దానికి లేదు.

ఆలంల కళ ఇరాన్ నుంచి వచ్చింది. కులీ కుతుబ్‌షా పేష్వా (ప్రధాని) మీర్ మోమిన్ అస్తరాబాదీ ఇరానీయుడే. అయితే ఇది ఒకవైపు రాకడ మాత్రం కాదు. గోల్కొండ అనగానే వజ్రాలే తలుచుకుంటాం కానీ, తెలంగాణ ఉక్కుకూ అంత పేరు ఉండాలి. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఉక్కు తయారీని వాయిసీ అనే ఆంగ్లేయుడు చూసి రాసింది 1832లో అచ్చయింది. ఆ ఉక్కు కొనడానికి ఇరాన్ వర్తకుడు అక్కడే మకాం వేసిన సంగతి అందులో ఉంది. ఉక్కు అటు పోయింది, రూపం ఇటు వచ్చింది.

పాతబస్తీలో ఇనుము అలంకారానికే ఆగలేదు, తానే పూజ్యమైంది. పత్తర్‌గట్టిలోని నాల్ సాహెబ్ లాడం ఆకారంలో ఉంటుంది. అది ఇమాం హుస్సేన్ శిరస్త్రాణపు ముక్క అని నమ్మకం. దానికి చందనం పూస్తారు. దారుల్‌షిఫాలోని సర్తౌఖ్ ఆలంలో హుస్సేన్ కొడుకు ఇమాం జైనుల్ ఆబిదీన్ మెడకు వేసిన సంకెల తునక ఉందంటారు. హుస్సేన్‌ను చంపినవాళ్లు వేసిన సంకెలనే కళ్లకద్దుకోవడం ఈ దుఃఖానికే చెల్లింది.

మరో గొలుసుదీ ఇలాంటి కథే. బాలుడైన అబ్దుల్లా కుతుబ్‌షాను మదమెక్కిన ఏనుగు అడవిలోకి ఎత్తుకుపోతే, తల్లి హయాత్ బక్షీ బేగం మొక్కుకుంది: కొడుకు క్షేమంగా తిరిగొస్తే ఆ ఏనుగు కాలి గొలుసంత బంగారు గొలుసు హుస్సేనీ ఆలంకు సమర్పిస్తానని. కొడుకు తిరిగొచ్చాడు, ఆమె మొక్కు చెల్లించింది. మొహర్రంలో తీసే లంగర్ ఊరేగింపు పుట్టింది అలాగేనని చెబుతారు.

తెలంగాణ పల్లెల్లో పీర్లను ఎత్తుకునేవాళ్లలో హిందువులూ ఉన్నారు. ఈ లోహానికి వారసులు చాలామంది. అయితే పాత వస్తువుల బజారుకు చేరితే ఆలం కళాఖండం మాత్రమే. దట్టీ, ముందు గుంటలో రాజేసే అలావా మంట, మోసే భుజం లేకుండా అది సగమే.

అందుకే ఆషుర్‌ఖానాల ముతవల్లీలకూ, పీర్ల చావిళ్లు చూసుకునే పెద్దలకూ ఒక మనవి. ఈసారి దట్టీ కట్టకముందే ప్రతి ఆలంనూ ముందూ వెనకా ఫొటో తీయించండి. ఎత్తు, బరువు, దాని మీది రాత, ఇచ్చినవారి పేరు ఒక పుస్తకంలో రాసిపెట్టండి. అరిగిందని కరిగించకండి, ఎవరో కొంటామన్నారని అమ్మకండి.