సొల్లాల్ ఎవరి పండుగ?

ఏ దేశపు సంవత్సరాదినైనా వంటింటి వైపు నుంచి చూడడం నాకు అలవాటు. కొరియా వాళ్ళ చాంద్రమాన సంవత్సరాది ‘సొల్లాల్’నీ అలాగే చదివాను. ఆ ఉదయం ‘చార్యే’ పేరుతో పితృదేవతలకు నైవేద్యం పెడతారు. వండేది కోడళ్ళు, అందుకునేది భర్త వంశపు పెద్దలు. ఆమె పుట్టింటి పెద్దలకు అక్కడ చోటు లేదు.

ఇది అనాది ఆచారమా? కాదు. చోసన్ రాజ్యపు తొలి శతాబ్దాల్లో కూతుళ్ళకూ ఆస్తిలో వాటా ఉండేది. తల్లిదండ్రుల కర్మలు కొడుకులూ కూతుళ్ళూ వంతులవారీగా జరిపేవారు. 17వ శతాబ్దం నుంచి కన్ఫ్యూషియన్ వంశనియమాలు బిగుసుకుని, కర్మాధికారం పెద్దకొడుకు చేతికి పోయింది. స్త్రీలకు హక్కు పోయి చాకిరీ మిగిలింది.

1989లో దక్షిణ కొరియా ప్రభుత్వం సొల్లాల్‌కు మూడు రోజుల సెలవు ఇచ్చింది. ఎవరికి సెలవు? పండుగ చాకిరీతో వచ్చే ఒళ్ళునొప్పులకూ దిగులుకూ అక్కడ ‘పండుగ జబ్బు’ అని పేరే ఉంది. మగవాణ్ణే ఇంటి యజమానిగా నమోదు చేసే ‘హోజు’ పద్ధతి, స్త్రీల సుదీర్ఘ పోరాటం తర్వాత 2008లో రద్దయింది. చార్యే మాత్రం మిగిలింది. 2023 సొల్లాల్‌కు ముందు, కన్ఫ్యూషియన్ సంప్రదాయానికి పెద్దదిక్కైన సుంగ్క్యున్‌క్వాన్ సంస్థే నూనెలో వేయించే వంటకాలు తప్పనిసరి కాదని ప్రకటించింది.

కూతుళ్ళ హక్కు తీసెయ్యడానికి మారిన ఆచారం, కోడళ్ళ నడుములు విరుగుతున్నా మారనిదెలా అయింది?